సంఘంలో చేరిన అత్త

ఉరుకుందమ్మ పోయిన సంగతి నందికొట్కూరులోని ఆ వీధికి ఏడుపుల వల్ల తెలియలేదు. నిశ్శబ్దం వల్ల తెలిసింది. ఇరవై ఆరేళ్లుగా ఆ ఇంట్లో పొద్దున పదింటికి అత్తాకోడళ్ల పోట్లాట మొదలయ్యేది. ఎదురింటి బీబమ్మ దాన్ని బట్టే పొయ్యి మీద ఎసరు పెట్టుకునేది. ఆ రోజు పదిన్నరైనా గొంతులు లేవకపోయేసరికి, ఎసరు మానుకుని వచ్చి తలుపు తట్టింది. లోపల కోడలు కృష్ణవేణమ్మ తడి చేతులతో అత్త మంచం పక్కన నిలబడి ఉంది.

కొడుకు రంగస్వామి హైస్కూల్లో లెక్కల మాస్టరు. కబురు వచ్చినప్పుడు బోర్డు మీద త్రిభుజం గీస్తున్నాడు. రెండు భుజాలు గీసి, సుద్దముక్క జేబులో వేసుకుని ఇంటికి నడిచాడు.

రంగస్వామి ఏడ్చాడు. కృష్ణవేణమ్మ ఏడవలేదు. పెద్దకర్మ దాకా చూశాడు. గిన్నెలు తోమింది, వచ్చినవాళ్లకు వడ్డించింది, ఏడవలేదు. అమ్మ పోయే ముందు రోజు నుంచి వాళ్లిద్దరికీ మాటలు లేవని అతనికి తెలుసు. ఊరుమిండి పచ్చడి బరకగా నూరిందని అత్త అన్నదట. నీకు పళ్లుంటే కదా అని కోడలు అన్నదట. అత్త పోయినందుకు ఈమెకు సంతోషంగా ఉందా అని ఒక అనుమానం అతని లోపల చేరింది. అడగలేదు. అడిగితే అవునంటుందేమోనని భయం.

ఇంట్లో అమ్మ మాట ఎత్తడానికి చోటు లేకపోయింది. ఏప్రిల్ చివర్లో బస్టాండు దగ్గర శిరీన్ జిరాక్స్ షాపు గోడ మీద ఒక కాగితం చూశాడు. "దయ్యాలు, వేరే లోకాలు, రాబోయే కాలాల కథలు రాసేవారి సంఘం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు, ఈ మిద్దె మీద. ఇక్కడ చనిపోయినవారిని బతికించవచ్చు."

చివరి వాక్యాన్ని మూడుసార్లు చదివాడు.

"ఆదివారం పూట యాడికి పోతాండావప్పా?" అంది కృష్ణవేణమ్మ.

"స్పెషల్ క్లాసు. టెన్త్ పిల్లోల్లకు."

"పరీక్షలయిపోయి, సెలవులు గూడా ఇచ్చిరి గదా?"

"వెనకబడిన పిల్లోల్లు."

"సెలవుల్లో గూడా వెనకబడేటోన్ని ఈడనే చూస్తాండా," అని ఆమె మంగళవారం కుట్టుక్లాసుకు సంచి సర్దుకుంది. రెండు నెలలుగా ఆమె ప్రతి మంగళవారం కుట్టు నేర్చుకోవడానికి వెళ్తోంది.

మిద్దె మీద రేకుల షెడ్డు. దయ్యానికైనా చెమట పట్టే ఎండ. అధ్యక్షుడు ఇమాం బాషా గడియారాలు బాగుచేస్తాడు. గతంలోకి వెళ్లిన మనిషి కథను పదకొండేళ్లుగా రాస్తున్నాడు, ఆ మనిషి ఇంకా తిరిగి రాలేదు. పత్తికొండ నుంచి వచ్చే మారెన్న టమోటాల వ్యాపారి. అతని కథలన్నింటిలో వేరే గ్రహం వాళ్లు పత్తికొండ మార్కెట్లో దిగుతారు, టమోటా ధర విని తిరిగి వెళ్లిపోతారు.

ఇమాం బాషా పద్ధతి చెప్పాడు. ఒకరు కథ మొదలుపెట్టి, కింద జిరాక్స్ షాపు నడిపే శిరీన్‌కు ఇస్తారు. ఆమె పేరు తీసేసి టైపు చేసి, చీటీలు వేసి ఇంకొకరికి ఇస్తుంది. ఇక ఆ ఇద్దరే, ఒక భాగం ఒకరు, తర్వాతి భాగం ఇంకొకరు రాస్తూ పోవాలి. కథ ముగిసేదాకా ఎవరితో రాస్తున్నారో చెప్పరు.

"మీరు ముగ్గురే గదా? కనుక్కోవడం ఎంత సేపు?" అన్నాడు రంగస్వామి.

"కొందరు మెంబర్లు కనపడరు సార్," అన్నాడు ఇమాం బాషా, కంటికి భూతద్దం బిగించుకుంటూ. "కాయితాలు మాత్రం వస్తాంటాయి."

శిరీన్ చీటీ తీసి ఒక పేజీ ఇచ్చింది. అక్కడే చదివాడు.

"మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. కోడలు పెరట్లో గిన్నెలు తోముతోంది. నడవలో టక్, టక్ అని చప్పుడు. చనిపోయిన అత్త చిన్న ఇనుప రోట్లో ఆకువక్క దంచుకుంటోంది. 'మే, యాడుండావు?' అని పిలిచింది. కోడలు పలకలేదు."

ఆ ఎండలో రంగస్వామి వీపు చల్లబడింది. పళ్లు పోయిన ముసలమ్మలు ఈ సీమలో ఇంటికొకరు ఉంటారు, అందరూ ఆకువక్క దంచుకునేవాళ్లేనని సర్దిచెప్పుకున్నాడు. తర్వాతి భాగం తనదే. అంటే అత్త ఏమంటుందో తనే రాయాలి. మూడు నెలల తర్వాత అమ్మకు నోరు వచ్చింది.

బడికి వెళ్లి ఖాళీ తరగతి గదిలో కూర్చుని రాశాడు. "'చెవుల్లో దూది పెట్టుకున్యావా మే? ఆ గిన్నె అడుగు యెవురు తోమాల, నీ మొగుడా?' అన్నది అత్త. కోడలికి వినబడింది. కావున ఆమె చేతిలో గిన్నె ఆగింది." రాసి నవ్వుకున్నాడు. తర్వాత కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాతి ఆదివారం జవాబు వచ్చింది. "'నీ కొడుకు తోమితే గిన్నె మిగల్దు. బనీను తిరగేసి తొడుక్కునేటోనికి గిన్నె అడుగు తెలుస్తాదా?' అని కోడలు మనసులో అనుకుంది. పైకి పలకలేదు."

రంగస్వామి మెల్లగా చొక్కా గుండీ విప్పి లోపలికి చూసుకున్నాడు. బనీను తిరగేసే ఉంది.

"ఎవరు రాసింది ఇది?" అన్నాడు, గుండీ పెట్టుకుంటూ.

"రూలు రూలే సార్," అన్నాడు ఇమాం బాషా తల ఎత్తకుండా.

మూడో వారం వచ్చిన పేజీలో కొడుకు జామెట్రీ పెట్టెలో బెల్లంముక్కలు దాచుకుని తిన్నాడు. నాలుగో వారం, నిద్రలో పన్నెండో ఎక్కం అప్పజెప్పాడు. రంగస్వామి భోజనం సన్నగిల్లింది. అంతకంటే పెద్ద కష్టం ఇంకొకటి మొదలైంది. మిట్టమధ్యాహ్నం ఇంట్లో చప్పుడు. టక్, టక్. నడవలోకి వెళితే ఆగుతుంది. అమ్మ మంచం ఖాళీగా ఉంటుంది. పెరట్లో కృష్ణవేణమ్మ చేతిలో గిన్నె పట్టుకుని, తోమకుండా, ఇంటి వైపే చూస్తూ ఉంటుంది.

"ఏమన్నా సప్పుడు వినపడెనా?" అన్నాడు ఒకరోజు అన్నం ముందు.

"నీకు వినపడెనా?"

"లేదు."

"నాకూ లేదు."

ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.

లెక్కల మాస్టరు కనుక చివరికి పరీక్ష పెట్టాలనుకున్నాడు. అమ్మ రోలును ఆమె చీరలో చుట్టి అటక మీద గోనెసంచుల వెనక దాచింది తనే. ఎవరికీ చెప్పలేదు. కథలో అత్త చేత ఇలా అనిపించాడు: "బుధవారం పన్నెండింటికి నా రోలు కిటికీలో పెట్టు మే. నాలుగు ఆకులు పెట్టు. నేను వస్తా." రాసింది మనిషైతే ఏమీ జరగదు. జరిగితే మనిషి కాదు.

బుధవారం పన్నెండింటికి పెరటి వైపు నుంచి పిల్లిలా వచ్చి కిటికీ చూశాడు.

రోలు ఉంది. పక్కన నాలుగు తమలపాకులు, అప్పుడే కడిగినట్టు తడిగా.

రంగస్వామి వెనక్కి నడిచాడు. వెనక మంచం మీద కృష్ణవేణమ్మ పొద్దుటి నుంచి పెట్టిన వడియాలు ఎండుతున్నాయి. మంచం విరిగింది. పిండి గిన్నె నెత్తిన బోర్లాపడింది. బీబమ్మ మిద్దె మీది నుంచి "యా అల్లా! మాస్టరు వడియాల్లో పడె!" అని వీధికంతా చాటింది.

కృష్ణవేణమ్మ వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పెట్టమని రాసేది నువ్వే, పెడితే ఉరికేది నువ్వేనా?"

రంగస్వామి పిండిలోంచి చూశాడు. "నీకెట్ల తెలుసు?"

"మొదటి కాయితంలోనే తెలిసె. లెక్కల అయివోరు గాక కథల్లో 'కావున' అని రాసేటోడు యెవురుంటారప్పా?"

"రోలు అటక మీదుందని?"

"ఈ ఇంట్లో నేను ఊడ్చని మూల ఉండాదా?"

"కుట్టుక్లాసు?"

"కాయితాలు ఇయ్యనీకి పోతాంటి. మూడు నెలల్లో ఒక్క రవికన్నా కుట్టినానా? చూసినావా నువ్వు?"

చూడలేదు. రంగస్వామి వడియాల మధ్య అలాగే కూర్చున్నాడు. నాలుగు నెలలుగా అడగనిది అప్పుడు నోట్లోంచి వచ్చింది. "నువ్వు ఏడవలేదు. నీకు సంతోషమేమో అనుకుంటి."

కృష్ణవేణమ్మ వంగింది. పైట చెంగుతో అతని ముఖం మీది పిండి తుడిచింది.

"ఆ పొద్దు పిలిచె నన్ను," అంది. "మే, యాడుండావు అని. ఈడనే గిన్నెలు తోముతాంటి. వినపడె. మాటల్లేవు గదా, కావాలంటే ఆమే లేసి వస్తాదిలే అనుకుంటి. ఆ గిన్నె తోమి లోపలికి పోయేసరికి..." ఆగింది. "ఇది యెవురికి జెప్పాల? నువ్వేమో సెలవుల్లో స్పెషల్ క్లాసులు."

రంగస్వామి ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు. పిండి దులుపుకుంటూ అడిగాడు. "మధ్యాన్నాలు ఆకు దంచేది నువ్వే గదా? నన్ను బెదిరించనీకి?"

"నేనా? నువ్వే దంచుతాండావని నేను యెన్ని దినాల నుంచి చూస్తాండా!" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "రోలు కిందికి దింపింది ఈ పొద్దే గదప్పా."

ఇద్దరూ కిటికీ వైపు చూశారు. ఎవరూ ముందు లోపలికి వెళ్లలేదు. బీబమ్మ వచ్చాక ముగ్గురూ కలిసి వెళ్లారు.

తర్వాతి ఆదివారం మిద్దె మీదికి భార్యాభర్తలు కలిసే వచ్చారు. ఒకరికొకరు తెలిసిపోయారు కనుక కథ రద్దు చేయాలా అని ఇమాం బాషా ఆలోచనలో పడ్డాడు. వద్దంది కృష్ణవేణమ్మ. శిరీన్ ఆమె ముందు తెల్లకాగితం పెట్టింది. ఆమె కలం తీసి, పట్టుకుని, సాయంత్రం దాకా కూర్చుంది. రంగస్వామి పక్కనే కూర్చున్నాడు. ఏమీ అడగలేదు.

అది జరిగి ఏడు వారాలైంది. కథలో అత్త పిలిచింది. కోడలు ఏమని పలికిందో ఇంకా రాయలేదు.