పేరు రాయని కవర్లు

లెక్కల మాస్టారు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదో తరగతి ప్రశ్నపత్రం ప్రింటు తీసి, కవరులో పెట్టి అంటించి, పన్నెండు లోపల హెడ్మిస్ట్రెస్ చేతికివ్వడం. గడువు ఇప్పటికే మూడుసార్లు దాటింది. ఇవాళ కూడా ఇవ్వకపోతే మెమో తప్పదని ఆవిడ ముందురోజే చెప్పింది.

బద్ధకం మాటెలా ఉన్నా, మాస్టారికి జాగ్రత్త ఎక్కువ. భార్య మేనకోడలు వాళ్ళింట్లోనే ఉండి అదే పరీక్షకు చదువుతోంది. ప్రశ్నలు బయటికి పొక్కాయంటే ఉద్యోగానికే ముప్పు. అందుకని ముందురోజు సాయంత్రం చేత్తో రాసిన ప్రతిని స్కాన్ చేసి ప్రింటరు మెమరీలో దాచాడు. రాసిన కాగితాలను ముక్కలు చేసి, నీళ్ళలో నానబెట్టి, ముద్దచేసి మరీ పారేశాడు. ఇక ఆ ప్రశ్నపత్రం లోకంలో ఒక్కచోటే ఉంది. ఇంత పకడ్బందీగా చేసినందుకు తనను తానే మెచ్చుకుని నిద్రపోయాడు.

తెల్లారి చూస్తే ప్రింటరు ఖాళీ కాగితాలు బయటికి నెట్టింది. "ఇంకు రావట్లేదే, స్నానం చేసొచ్చి చూస్తా," అని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి బల్లమీద ప్రింటరు లేదు. అది ఉన్నంత మేర దుమ్ము మాత్రం లేదు.

"ప్రింటరేదీ?"

"మెకానిక్‌కి ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్ళాడు," అంది భార్య, మంచిపని చేసినట్టు. "వీధి చివర షాపేగా. బోర్డు కూడా మార్చాలేమో అన్నాడు."

మాస్టారికి ఒంటిమీద తడి ఆరకముందే చెమట పట్టింది. ఫోన్ అందుకుని మెకానిక్‌ని పిలిచాడు.

"బాబూ, దాన్ని విప్పకు. మెమరీలో ఉన్నది పోతే నా బతుకు బస్టాండే."

"పోదు మాస్టారూ. బోర్డు మార్చేముందు లోపలున్నదంతా నా మిషన్లోకి దింపి, కాగితాలు తీసి, ఆ తర్వాత నా దగ్గరున్నది చెరిపేస్తా. పద్ధతంటే పద్ధతే."

"కాగితాలు తియ్యి గానీ, చూడకు."

"చూడకుండా ఎలా తీస్తానండీ?"

"బోర్లా పెట్టి తియ్యి. వెంటనే కవరులో పెట్టి అంటించు. పైన నా పేరు రాయకు. అసలేమీ రాయకు."

"ఇవాళ అందరూ ఇదే మాటంటున్నారేంటండీ," అన్నాడు మెకానిక్.

ఫోన్ పెట్టేసి చూస్తే గుమ్మంలో భార్య. "ఏముంది అందులో?"

నిజం చెబితే మేనకోడలి చెవిన పడుతుందని మాస్టారి భయం. "నా సొంత విషయం," అన్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయనకు సొంత విషయమంటూ ఒకటుందని ఆవిడ వినడం ఇదే మొదటిసారి. వెంటనే చెప్పులేసుకుని ఆయన వెంట బయల్దేరింది.

షాపులో మెకానిక్ కవరు అందించబోగానే మాస్టారి చెయ్యి ఆలస్యమైంది, భార్య చెయ్యి కాలేదు. చింపి, అక్కడే నిలబడి చదివింది.

"'మీమీద ఎంతో నమ్మకం పెట్టుకున్నాను. మూడుసార్లు మాటిచ్చారు. మూడుసార్లూ తప్పారు. ఇక నేను ఎదురుచూడలేను.' ఎవరండీ ఈవిడ?"

"నాకేం తెలుసు?" అన్నాడు మాస్టారు. నిజంగానే తెలియదు. తెలియనివాడి మొహం ఎంత దోషిలా ఉంటుందో మెకానిక్ ఆసక్తిగా చూశాడు.

ఆవిడ తర్వాతి పేరా కూడా చదివింది. "'కావున ప్రశ్నపత్రం సమర్పించడంలో జరిగిన జాప్యానికి మీపై చర్య ఎందుకు తీసుకోరాదో మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను. ప్రధానోపాధ్యాయురాలు.'" కాగితాన్ని గుండెకు అదుముకుంది. "అమ్మయ్య. మెమోనా! ముందే చెప్పొచ్చుగా."

మెమో వచ్చినందుకు అంతగా సంతోషించిన మనిషిని మాస్టారు ఎన్నడూ చూడలేదు. ఆ సంతోషంలో పాలుపంచుకునే స్థితిలో ఆయన లేడు. "ఇది మేడమ్‌ది. మరి నాదేదీ?"

మెకానిక్ నాలుక కరుచుకున్నాడు. "స్కూలు ప్రింటరు కూడా నా దగ్గరే ఉందండీ. మెమరీలో ఏదో ఆగిపోయిందని పొద్దున్నే మేడమే తెచ్చారు. ఆవిడా పేరు రాయొద్దన్నారు, మీరూ రాయొద్దన్నారు. ఇందాకే వచ్చి ఓ కవరు పట్టుకెళ్ళారు. రెండూ ఒకేలా ఉంటే..."

మాట పూర్తికాకుండానే హెడ్మిస్ట్రెస్ లోపలికొచ్చింది, చేతిలో చింపిన కవరుతో.

"మీ ప్రశ్నపత్రం అందింది, మాస్టారూ," అంది ఆవిడ. గోడ గడియారం పన్నెండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. "గడువులోపలే అందింది. పేరు కూడా లేకుండా, మూడో కంటికి తెలియకుండా. ఇంత గుట్టుగా పంపినవాళ్ళని నా సర్వీసులో చూళ్ళేదు."

మాస్టారు ఏదో చెప్పబోయాడు. భార్య ఆయన కాలు తొక్కింది. ప్రశ్నపత్రం చేరాల్సిన చోటికే చేరిందని అప్పుడు అర్థమై, ఆయన పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరి వదిలాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

అంతలో హెడ్మిస్ట్రెస్ చూపు మాస్టారి భార్య చేతిలోని కాగితం మీద పడింది.

"ఇంకు ఆరిందో లేదోనని చూస్తున్నానండీ," అంటూ ఆమె మెమోను మడిచి అందించింది.

హెడ్మిస్ట్రెస్ దాన్ని నాలుగు ముక్కలు చేసింది. "ఇక దీంతో పనిలేదు. వచ్చే ఏడాది నుంచి అన్ని తరగతుల ప్రశ్నపత్రాలూ మీరే తయారుచెయ్యండి."

మెకానిక్ రిజిస్టరు తీసి రాసుకున్నాడు: "ప్రింటర్లు రెండు. మెమరీ భద్రంగా అందజేయబడినది." ఎవరిది ఎవరికి అందిందో రాసే గడి ఆ రిజిస్టరులో లేదు.