తొక్కు పొట్లంలో వచ్చిన బస్సు

శుక్రవారం పొద్దున రాజమల్లు ఒక్కటే అనుకున్నాడు: టీ వేళకు తొక్కు పొట్లం విప్పి, చుట్టిన కాగితం చదవాలి. సూరత్‌లోని బమ్రోలిలో ఆయనకు తెలుగు పేపర్ దొరకదు. ఊరి నుంచి భార్య నర్సవ్వ చింతకాయ తొక్కు పంపినప్పుడల్లా, దానికి చుట్టిన పేపర్‌ను తాను పనిచేసే మగ్గాల షెడ్డులో అందరికీ చదివి వినిపిస్తాడు. పదిహేనేళ్లుగా అది ఆయన పదవి.

ఆ రోజు వార్త ఇది: ఈ ఆదివారం ఉదయం ఏడింటికి సూరత్ పక్కనున్న కామ్‌రేజ్ నుంచి తెలంగాణలోని వాళ్ల మండలానికి నేరుగా బస్సు మొదలు. తేదీ ఉన్న మూల నూనెలో నాని ఊడిపోయింది.

"ఫోన్ల గిట్లాంటిదేం లేదు కాకా," అన్నాడు సూరత్‌లోనే పెరిగిన శివకృష్ణ.

"ఫోన్ల పొద్దున వచ్చింది మాపటికి మాయమైతది. ఇది అచ్చుల వడ్డదిరా," అన్నాడు రాజమల్లు.

రెండు రైళ్లు మారి ఊరికి వెళ్లేవాళ్లకు ఆ మాట చాలు. పక్క మగ్గం నడిపే సాంబయ్య, షెడ్డు యజమాని సేఠ్‌ను వారం ఛుట్టీ, అంటే సెలవు, అడిగాడు. అతన్ని చూసి పదిమంది అడిగారు. షెడ్డులోనే కండెలు చుట్టే చిన్నవ్వ ఊళ్లో ఇంటికి ఫోన్ చేసి కోడిని కోయమన్నది.

ఆదివారం కామ్‌రేజ్ చౌరస్తాలో మూటలతో నలభై ఒక్కమంది నిలబడ్డారు. తొమ్మిదైనా బస్సు రాలేదు. రాజమల్లు నర్సవ్వకు ఫోన్ చేశాడు.

"ఆ కాగితం ఎప్పటిదే?"

"నాకేమెరుక? సందుగ అడుగున పరిచింది తీసి చుట్టిన. మూడేండ్లయి ఉంటది."

రాజమల్లు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. అదే ఆయనకు కష్టమైంది.

"మావోళ్లు పొద్దుగాలనే కోడిని కోసిన్రట," అన్నది చిన్నవ్వ.

"ఇగ నువ్వు తొక్కు తిను రాజన్నా, కాగితం నేను సదువుత," అన్నాడు సాంబయ్య.

ఎదురుగా ఉన్న ట్రావెల్స్ ఆఫీసు నుంచి దాని యజమాని ఓంప్రకాష్ బయటికి వచ్చాడు. మూడేళ్ల కింద ఆ బస్సును ప్రకటించింది ఆయనే. అప్పుడు ముగ్గురే వచ్చారు, బస్సు కదల్లేదు. సంగతి విని, ఇంతమంది ఆ రోజు ఎక్కడున్నారని హిందీలో అడిగాడు.

"పేపర్ అభీ మిలా, సేఠ్," అన్నాడు రాజమల్లు, ఇప్పుడే దొరికిందన్నట్టు కాగితం చూపిస్తూ.

ఓంప్రకాష్ మూటల వైపు మరోసారి చూసి, డ్రైవర్‌కు ఫోన్ కలిపాడు. తర్వాతి ఆదివారం వాళ్లందరితో బస్సు నిండుగా బయలుదేరింది.

సెలవు ముగిసి అందరూ తిరిగొచ్చాక, ఒక బుధవారం షెడ్డులో నర్సవ్వ పంపిన కొత్త పొట్లం విప్పిన సాంబయ్య, కాగితాన్ని రాజమల్లు చేతికే ఇచ్చాడు.

"తేదీ నేను చూసిన. నువ్వు సదువు."

కొత్త బస్సు మొదలైందన్న ఆ వార్త, ఊరి నుంచి ఆ బస్సులోనే వచ్చింది.