నాలుగో గడి

మంత్రవిద్యల నమోదు కార్యాలయంలో గుమాస్తాని అందరూ భూతద్దం అనేవారు. ఎదుటివాడు దగ్గినా అందులో ఏదో కిటుకుందనుకునే రకం. ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని చిన్నదే. మధ్యాహ్నం పై అధికారి వచ్చేలోగా ముగ్గురు దరఖాస్తుదారుల శక్తి ఏ రకమో తేల్చాలి. ఫారంలో ఉన్నవి మూడే గడులు: చదువు, మూలిక, పుట్టుక. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టేస్తే పెద్ద గుమాస్తా పదవి ఖాయం.

"మంత్రమంటే వ్యాకరణమండీ. ఒత్తు తప్పితే ఒళ్లు కాలుద్ది," అన్నాడు పుస్తకాల పండితుడు.

"చాల్లే! మొక్కని బతిమాలాలి. అది సరేనంటేనే మంత్రం," అంది మూలికల పెద్దమ్మ.

మూడో మనిషి, దర్జీ అమ్మాయి, బిక్కమొహం వేసింది. "నాకు చదువూ లేదు, మొక్కలూ తెలీవండీ. చేతులు దురదపెడితే ఏదో ఒకటి ఎగురుతుంది. పుట్టినప్పట్నుంచీ ఇంతే."

భూతద్దం కళ్లు చిన్నవయ్యాయి. ఇంత అమాయకత్వమా? చూస్తుండగానే నా రబ్బరు స్టాంపు లేపేస్తుంది, అనుకున్నాడు.

స్టాంపు నిజంగానే బల్ల మీంచి లేచింది.

"నువ్వేగా?"

"అయ్యో, చేతులు కట్టుకునే ఉన్నానండీ!"

పండితుడు మీసాల చాటున నవ్వాడు. వీడి కన్ను నా ఫైళ్ల మీద పడింది, అనుకున్నాడు భూతద్దం. బీరువా తలుపులు తెరుచుకుని ఫైళ్లన్నీ పావురాల్లా లేచాయి.

"ఇది పుట్టుక రకం. నాది కాదు," అన్నాడు పండితుడు.

"కాగితం కూడా ఒకప్పుడు చెట్టేగా," అనేసి పెద్దమ్మ నాలిక కరుచుకుంది.

"ఓహో! ముగ్గురూ కూడబలుక్కుని వచ్చారా? ఇక నా కుర్చీకే ఎసరు పెడతారన్నమాట!"

కుర్చీ ఆయనతో సహా పైకప్పు దాకా వెళ్లింది.

పెద్దమ్మ తలెత్తి చూసింది. "నాయనా, నువ్వు అనుమానించాకే ఒక్కోటీ లేస్తోంది. ఇదంతా నీ మంత్రమే. దిగాలంటే ఎవర్నైనా ఒక్క క్షణం నమ్ము."

నలభై ఏళ్లలో చెయ్యని పని! మెట్ల మీద అధికారి బూట్ల చప్పుడు వినిపిస్తోంది. దర్జీ అమ్మాయి చేతులు చాపింది. "నేను పట్టుకుంటానండీ."

వదిలేస్తుందేమో! తల పైకప్పుకి టంగుమని కొట్టుకుంది. మళ్లీ కిందికి చూశాడు. సూదిపోట్లు పడ్డ ఆ వేళ్లు తనకన్నా ఎక్కువగా వణుకుతున్నాయి. ఇంత భయపడే మనిషి మోసం చెయ్యదులే, అనిపించింది. కుర్చీ మెల్లగా దిగి ఆమె చేతుల్లో ఆగింది.

కుర్చీ దిగడం గుమ్మంలోంచి చూసిన అధికారి ముగ్గురి ఫారాలూ అక్కడికక్కడే మంజూరు చేశాడు. "లైసెన్సు లేని మాంత్రికుడికి మా ఆఫీసులో ఉద్యోగమా? ముందు మీరు దరఖాస్తు పెట్టుకోండి!"

భూతద్దం బెంచీ మీద కూర్చుని, ఫారంలో 'అనుమానం' అని నాలుగో గడి గీసుకుని టిక్కు పెట్టాడు. ఆఫీసుకి ఉన్నది ఒకే గుమాస్తా కాబట్టి పరిశీలనకి ఆ ఫారం ఆయన బల్ల మీదికే వచ్చింది. రెండుసార్లు చదివి, వెలుతురుకి పెట్టి చూసి, అభిప్రాయం దగ్గర రాశాడు: "మనిషి నమ్మదగ్గవాడిలా లేడు. మళ్లీ రమ్మనాలి."