హాజరు సున్నా

మనిషికి బుద్ధి అనవసరపు బరువని నేను చాలాకాలంగా వాదిస్తున్నాను. విన్నవాళ్లంతా నా ముఖం చూసి, నిజమే అన్నట్టు తలూపుతారు.

ఒప్పుకోనిది ఒక్కరే, మా అమ్మాయి కాలేజీలో ఫిలాసఫీ చెప్పే మాస్టారు. ఆయన పాఠం ఫినామినాలజీ. పేరు చూసి జడుసుకోకండి. కొలతలూ లెక్కలూ పుట్టకముందే మనిషికి ఒక లోకం ఉంది. ఎండ చురుక్కుమనే లోకం, కాలికి రాయి తగిలే లోకం. దాన్ని అర్థం చేసుకోడానికి పుట్టిన అంకెల్నే పట్టుకుని, ఆ లోకాన్ని మరిచిపోయామట. అందుకే బుద్ధి సంక్షోభంలో పడిందట.

సంక్షోభమా! ఎక్కడండీ? మొన్న పొద్దున్న హాయిగా నిద్ర లేచాను. చేతి గడియారం చూస్తే నిద్ర నాణ్యత ముప్పై ఒక్క శాతం. వెంటనే నీరసం ముంచుకొచ్చి ఆఫీసుకు సెలవు పెట్టాను. బుద్ధి ఉన్నవాడికి ఇంత సుఖం దక్కుతుందా?

మాస్టారి క్లాసు రెండో అంతస్తులో. గది పైకప్పు పెచ్చు ఉబ్బిందని ఆయన రెండుసార్లు ప్రిన్సిపాల్‌కు చెప్పారు. ప్రిన్సిపాల్ కంప్యూటర్ తెరిచి, భవన భద్రత తొంభై నాలుగు శాతమని చూపించి, పైకి చూడ్డం మాని పాఠం చెప్పుకోమన్నారట.

పోయిన మంగళవారం క్లాసు మొదలవగానే పుస్తకం మీద సున్నం పొడి రాలింది. మాస్టారు పుస్తకం మూసి, బ్యాగులు అక్కడే వదిలెయ్యమని తొందరపెట్టి, నలభై మందినీ వరండాలోకి తోలారు. చివరగా గడప దాటింది మా అమ్మాయి. ఆ వెనకే పెచ్చు ఫ్యానుతో సహా కూలి మూడు బెంచీలు విరిగాయి. దుమ్ము తగ్గాక ఆయన వరండాలో నిలబడే పాఠం పూర్తి చేశారు.

గదిలో హాజరు వేసే కెమెరా మాత్రం చెక్కుచెదరలేదు. అలవాటు ప్రకారం ముఖాలు లెక్కపెట్టింది. సున్నా. క్లాసు తీసుకోలేదని మాస్టారికి మెమో, పిల్లలు క్లాసుకు రాలేదని తల్లిదండ్రులకు మెసేజ్ వెళ్లాయి.

సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చింది. జుట్టంతా తెల్లగా ఉంది. క్లాసు ఎగ్గొట్టి ఎక్కడ తిరిగావని గుమ్మంలోనే నిలదీశాను. జరిగిందంతా చెప్పింది. నేను ఫోన్ చూపించాను. గీరుకుపోయిన మోచెయ్యి చూపించింది. నేను మళ్లీ ఫోనే చూపించాను. మా ఆవిడ దాని జుట్టులోంచి సున్నం పెళ్ల ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. అయినా నేను తగ్గలేదు. మా అమ్మాయి మీద మెషీన్‌కి పగ ఎందుకుంటుంది చెప్పండి?

"లోపలే ఉండి చచ్చిపోయుంటే నాకు హాజరు పడేది నాన్నా," అంది తను, మెల్లగా.

జవాబు కోసం ఫోనంతా వెతికాను. లేదు.

అయితేనేం, ఆ రోజునుంచి ఇంట్లో గొడవలు లేవు. అమ్మాయి నాతో నోటితో మాట్లాడ్డం మానేసింది. పక్కగదిలోంచే మెసేజ్ పెడుతుంది: "ఇంట్లోనే ఉన్నాను. క్షేమం." ఎంత సౌకర్యం! ముఖం చూసి కనిపెట్టాల్సిన పని లేదు.

నిన్న ఎందుకో తలుపు తట్టాను.

"మెసేజ్ అందలేదా?" అంది లోపలినుంచి.

"అందిందమ్మా. ఊరికే, ఒకసారి చూసిపోదామని."

తలుపు వెంటనే తియ్యలేదు. నేనూ అక్కణ్నుంచి కదల్లేదు.