చెట్టు దగ్గరికి రానివాళ్ళ జబ్బు

ఒక పెద్ద అడవిలో ఇప్పపూలు రాలి పులిసే రోజులు వచ్చాయి. ఆ పులిసిన రసం పడందే ఎలుగుబంటి భల్లయ్యకు పొద్దు గడవదు. అడవి ఆరోగ్య సంఘానికి అధ్యక్షుడు ఆయనే. అంతకంటే తగినవాడు దొరకలేదట. ఎలా దొరుకుతాడు లెండి!

ఆ ఏడు కుర్ర జింకలు ఇప్పచెట్టు వైపే రాకుండా వాగునీళ్ళు తాగి గెంతుతున్నాయి. అది చూసి భల్లయ్యకు ఒళ్ళు మండింది. సంఘం వైద్యుడైన నక్కను పిలిపించాడు.

"రోజుకో దోసెడు ఇప్పరసం గుండెకు మంచిదని పరిశోధన చేసి చెప్పవయ్యా."

"ఎవరి దోసెడండీ?"

"నాదే. అధ్యక్షుణ్ణి కదా!"

నక్క చూస్తే చెట్టు కింద చేరినవాళ్ళంతా నిక్షేపంగా ఉన్నారు. చెట్టు దగ్గరికి రానివాళ్ళ కోసం పొదలూ గుహలూ వెతికింది. గెంతే జింకలు చేతికి చిక్కలేదు కనక వాటిని వదిలేసింది. మూలుగుతూ పడుకున్నవాళ్ళు మాత్రం బాగా దొరికారు. వాళ్ళలో కాపలా కొండముచ్చు లింగయ్య ఒకడు.

"తాగి తాగి లివర్ పాడైందండీ. అందుకే మానేశాను" అన్నాడు లింగయ్య.

నక్క రాసుకుంది: "మానేశాడు. లివర్ పాడైంది."

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. కొలువులో ఉన్నవాళ్ళు రోజుకో దోసెడు తాగాలి, లేకపోతే కొలువు పోతుంది.

"పోతే పోనీవయ్యా, నువ్వు మిగులు చాలు" అని లింగయ్య పెళ్ళాం ఏడ్చింది.

"పెద్దలు పరిశోధించి చెప్పారే!" అన్నాడు లింగయ్య. వట్టి అమాయకుడు. ఎలుగు దోసెడంటే కొండముచ్చుకు ఆరు దోసిళ్ళు. పట్టుమని నెల తిరక్కుండా కళ్ళు పచ్చబడి, మంచాన పడి చచ్చిపోయాడు.

"మీ దోసెడే నా మొగుణ్ణి మింగింది!" అని ఆమె సంఘం ముందు గుండెలు బాదుకుంది.

నక్క గొంతు సవరించుకుంది. "చివరి మూడు రోజులూ చెట్టు దగ్గరికి రాలేదమ్మా. తాగనివాడిగానే పోయాడు."

"మన మాట రుజువు చేసి పోయాడు, పుణ్యాత్ముడు!" అన్నాడు భల్లయ్య. సభ చప్పట్లు కొట్టింది. సిగ్గన్నది ఆ సభలో ఒక్కరికీ లేదు.

వానలు మొదలయ్యేసరికి భల్లయ్యకూ కళ్ళు పచ్చబడ్డాయి. గుహలోంచి లేవలేక నక్కకు కబురు పంపాడు.

నక్క వచ్చి, "వారంగా చెట్టు దగ్గరికి రాలేదు" అంటూ ఆయన పేరు తాగనివాళ్ళలో రాసుకుంది.

"ఒరేయ్, నేను ఊహ తెలిసినప్పటినుంచీ తాగుతున్నానురా!"

"అలా అనకండి, పరిశోధన తప్పవుతుంది" అని మందు రాసిచ్చింది: రోజుకో దోసెడు.

నీతి: మితంగా తాగేవాడికి జబ్బు రాదు, వచ్చిందంటే వాడు తాగలేదన్నమాటే.