కుర్చీకీ కీబోర్డుకీ నడుమ

“లోపం దొరికింది!” అని పింఛన్ల మంత్రిగారు విలేకరుల ముందు బల్లగుద్ది ప్రకటించారు. బల్లమీది మైకులన్నీ భక్తితో ఒక్కసారి ఎగిరి కూర్చున్నాయి. “మా వెబ్‌సైటు నుంచి పింఛన్లు ఎందుకు కదలడం లేదో నిపుణులు తేల్చారు. లోపం కుర్చీకీ కీబోర్డుకీ మధ్య ఉంది. దాన్ని వేళ్లతో సహా పెకలిస్తాం!”

గోడవారన నిలబడ్డ పీఏ ఛాతీ పొంగింది. వెబ్‌సైటును పరీక్షించిన ఇంజనీరమ్మాయి ఇచ్చిన కాగితంలోంచి ఆ వాక్యాన్ని ఏరి ప్రసంగంలో దూర్చింది ఆయనే మరి. ఏళ్ల తరబడి టెంపరరీగా నలిగి, ఈమధ్యే పర్మనెంటయిన మనిషి.

“అయ్యో సార్, అది చదివించేశారా?” అంటూ వరండాలో ఇంజనీరమ్మాయి తల పట్టుకుంది.

“ఏమ్మా, బాగాలేదూ? కుర్చీ, కీబోర్డు... ఎంత చక్కగా కుదిరింది!”

“అది హ్యాకర్ల యాస సార్. తప్పు మిషన్‌ది కాదు, వాడే మనిషిదని మొహం మీద చెప్పలేక కంప్యూటర్ల వాళ్లు పుట్టించుకున్న మాట. కుర్చీకీ కీబోర్డుకీ మధ్య ఎవరుంటారు సార్?”

పీఏ ఆలోచించాడు. ఆ యాస కాస్తా ఆయాసమైంది.

“ఇంతకీ... మంత్రిగారేం చేశారమ్మా?”

“ఏమీ చెయ్యలేదు సార్, అదే గొడవ. ‘పింఛన్లు విడుదల చెయ్యమంటారా? అవును, కాదు’ అని తెర అడుగుతుంది. ఆయన దానికో నమస్కారం పెట్టి ఊరుకుంటారు.”

నిజమే. ఇంత సుదీర్ఘ ప్రజాజీవితంలో మంత్రిగారు ఎవరికీ అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. అంతటి నిష్ఠను ఓ యంత్రం అడిగిందని వదులుకుంటారా?

పీఏ ఇంటికెళితే భార్య ఎదురొచ్చింది. “ఏమండీ, టీవీలో మంత్రిగారు చదివింది మీరు రాసిందేనటగా! మా అమ్మకీ, పిన్నికీ చెప్పేశా.”

“ఇంకెవరికీ చెప్పకే తల్లీ! ఆయనకి అర్థం తెలిసిందంటే ఉద్యోగం గోవిందా” అని పీఏ ముసుగు తన్నాడు.

మర్నాడే ఉన్నతస్థాయి సంఘం వెలిసింది. ముందు తిరిగే కుర్చీ తెప్పించారు. కుర్చీ తిరిగింది గానీ కథ మలుపు తిరగలేదు. కీబోర్డు మార్చారు. రెంటి మధ్య దూరం టేపుతో కొలిచి, ఎక్కువైందని తగ్గించారు. మంత్రిగారి పొట్ట బల్లకి అతుక్కుపోయింది. “ఈ లోపం పాత ప్రభుత్వం పాపం!” అని ఆయన ఆ ఇరుకులోంచే ఊపిరందక గర్జించారు.

మాజీ మంత్రి భగ్గుమన్నారు. “పచ్చి అబద్ధం! నా హయాంలో కుర్చీకీ కీబోర్డుకీ మధ్య ఏమీ లేదు. నేనసలు ఆఫీసుకే రాలేదు!”

చివరికి మంత్రిగారు అధికారులందర్నీ గదిలోకి పిలిచి, కుర్చీలో కూర్చుని, కీబోర్డు మీద చెయ్యేసి అడిగారు. “ఇదిగో కుర్చీ, ఇదిగో కీబోర్డు. మధ్యలో ఉన్నదేమిటయ్యా?”

అందరికీ కనబడుతూనే ఉంది.

“గాలి సార్” అన్నాడు కార్యదర్శి.

“కాస్త వెలుతురు కూడా సార్” అన్నాడు ఉపకార్యదర్శి.

మంత్రిగారు పీఏ వైపు తిరిగారు. “రాసింది నువ్వటగా. నువ్వు చెప్పు.”

పీఏకి తన పర్మనెంటు ఉత్తర్వు రెక్కలొచ్చి ఎగిరిపోతూ కనిపించింది. అబద్ధమాడదామంటే గాలినీ వెలుతురునీ పైఅధికారులు పట్టుకుపోయారు. మిగిలింది నిజమొక్కటే.

“త... తమరే సార్.”

కార్యదర్శి తన బూట్ల వంక తదేకంగా చూసుకున్నాడు.

మంత్రిగారు బల్ల సందులోంచి మెల్లగా లేచారు. కళ్లు చెమర్చాయి. “చూశారా! ఆ లోపానికి అడ్డంగా ఇన్నాళ్లూ ఒంటరిగా కూర్చున్నది నేనన్నమాట! మీలో ఒక్కడికీ తట్టలేదేమయ్యా?”

చప్పట్లు మిన్నంటాయి. సాయంత్రానికల్లా ‘లోపానికి అడ్డుగోడ, మన మంత్రి’ అని ఊరంతా ఫ్లెక్సీలు లేచాయి. పీఏ ఏకంగా లోపాల ప్రత్యేకాధికారి అయ్యాడు. పింఛన్ల గురించి అడిగినవాళ్లకి ఫ్లెక్సీ చూపించారు.

వారం తిరక్కుండా రోడ్ల మంత్రిగారి నుంచి ఫోనొచ్చింది.

“ఏమోయ్, పేరంతా మీ మంత్రికేనా? మా శాఖకీ ఒక లోపం మంజూరు చేయించకూడదూ?”

“దానికేం భాగ్యమండీ! తమకి కుర్చీ ఎలాగూ ఉంది” అన్నాడు పీఏ వినయంగా. “కీబోర్డొకటి పంపిస్తాను.”