దర్జీ సీటు రాడ్డు సాధించిన విధము

వినుడు! లోకులెల్ల సెలవుదిన సుఖనిద్రాపరవశులై ముసుగుదన్ని యున్న ఆదివార ప్రభాతవేళ, మూడంతస్తుల భవనమొకదాని మెట్లక్రింది చీకటి మూలయందు, ఆసనవిహీనయై, ధూళిధూసరితగాత్రయై గోడకు చేరగిలబడిన పురాతన ద్విచక్రిక నుద్ధరింప నొక వీరుడు నడుము బిగించెను. అతడెవ్వడు? కర్తరీపాణి, అంగుళిత్రాణధారి, కంఠమున కొలతల టేపును హారముగా దాల్చిన దర్జీ! ఎందరి బొజ్జలనో కప్పిపుచ్చిన మహానుభావుడు. ఇస్తానన్న రోజున బట్టలు ఏనాడును ఇచ్చి యెరుగనివాడు.

ఆ సైకిలు కీర్తిశేషుడైన అతని మామగారిది. ఆయన కూతురికి తొక్కుట నేర్పినది దానిమీదనే. దాని సీటు రాడ్డు తుప్పుపట్టి విరిగి ఎప్పుడో చెత్తలో కలిసినది, సీటు మాత్రము మిగిలినది. బావమరిది తెల్లవారుతూనే శాసించెను.

“సాయంత్రం తుక్కు బండి వస్తోంది బావా. సీటు నిలబడితే అక్కే తొక్కుకోవచ్చు. లేదంటే పంపించేస్తా. మెట్ల కింద నాకు చోటు కావాలి.”

భార్య మాత్రము హ్యాండిలుమీది చేయి తీయలేదు. అది చూచి దర్జీ మనసు చివుక్కుమనెను.

అంతట ఆ ధీరుడు ఫ్రేము గొట్టపు మూతికి టేపు పెట్టి కొలిచెను. కొలిచి ఊరకుండెనా? చిరకాలాభ్యాసవశమున, చొక్కాకు వదలినట్లే దానికిని కొంచెము లూజు వదలి, ఆ లెక్కకు సరిపడు రాడ్డును విడిభాగముల దుకాణమునుండి కొని తెచ్చెను. సీటు తగిలించి ఎక్కి కూర్చున్నంతనే అది, అలిగిన పిల్లవానివలె చతికిలబడి, వీరుని మోకాళ్లను గడ్డమునకు తాకించెను. బోల్టు బిగించెను, జారెను. కత్తిరింపు గుడ్డలు చుట్టి రాడ్డుకు అస్తరు వేసెను. అస్తరుతో సహా జారెను.

క్రోధావిష్టుడై ఈమారు లావుపాటి రాడ్డు తెచ్చెను. అది గొట్టములో చొరనే చొరదు. సబ్బు రాచెను, నూనె పోసెను, సుత్తితో బుజ్జగించెను. తుదకు సుత్తి నెత్తి గర్జించెను: “ఓరీ లోహాధమా! కోటుల భుజములను వంచినవాడను, సూటుల నడుములను చెక్కినవాడను, నాముందరా నీ ఆటలు? చొచ్చెదవో, చచ్చెదవో!”

“దానికి చెవులుంటే కదండీ,” అన్నది భార్య మెట్లమీద నిలిచి. “ఎవరైనా చొక్కా కుట్టమని వస్తే మీరేమంటారు?”

“సరిపోయే పాత చొక్కా ఒకటి ఆదికి తెమ్మంటాను.”

“మరి షాపాయనకి మీరేం ఆది చూపించారు? సైకిలునే తీసుకెళ్లి, అక్కడే ఒక్కో రాడ్డూ పెట్టి చూడొచ్చుగా!”

ఆ ఆలోచన దర్జీకి రాక కాదు. దారిలో ప్రత్యర్థి దర్జీ అంగడి యున్నది; సీటులేని సైకిలును నడిపించుకొని పోవుచు అతని కంటబడినచో పరువేమి కావలెనని గొణిగెను.

“మీ పరువుకేం కాదు. పోయేది నాన్న సైకిలు,” అన్నది ఆమె. ఆ మాటతో అతడు కదిలెను.

ప్రత్యర్థి చూడనే చూచెను. “ఏమయ్యా, సీటు ఆల్టరేషన్‌కి ఇచ్చావా?” ఆ వాగ్బాణము సూటిగా తగిలినను, వీరుడు తలయెత్తి సాగిపోయెను.

దుకాణమున ఘోరసంగ్రామము! ఒక రాడ్డు వదులు, ఒకటి బిగువు, ఒకటి సగము దిగి మొరాయించెను. చూపునకన్నియు నొక్కటే, ఉన్నవన్నియు వెంట్రుకవాసి భేదములు. తుదకు అటుక మీది పెట్టెలోని మసిబారిన రాడ్డొకటి సుయ్యిమని దిగి, ఆగవలసినచోట ఆగెను.

“అచ్చం కుట్టించినట్టుంది టైలరుగారూ!” అన్నాడు దుకాణదారు.

సాయంసమయమున తుక్కు బండి వాకిట నిలిచెను. స్థూలకాయుడైన బావమరిది సీటును అరచేతులతో అదిమెను, మోచేతులతో క్రుంగదీసెను, తుదకు తానే ఎక్కి కూర్చుండెను. దర్జీ ఊపిరి బిగబట్టెను. సీటు దిగలేదు! బావమరిదియు దిగలేదు. తండ్రి పట్టిన హ్యాండిలును నిమిరి అక్కవైపు తిరిగెను.

“అక్కా, ఒక్క రౌండు వేసొస్తా.”

“ముందు ఆ బండిని పంపెయ్. తర్వాత నేను. ఆ తర్వాత నువ్వు.”

తుక్కు బండి వట్టిచేతులతో వెడలెను. దర్జీ భార్య చెంగు దోపుకొని, పెడలుపై కాలుమోపి, వీథి చివరివరకు పోయి తిరిగి వచ్చెను. దిక్కులారా, వినుడు! తిరిగి వచ్చెను, ఎక్కినప్పుడెంత ఎత్తున కూర్చున్నదో అంత ఎత్తుననే తిరిగి వచ్చెను!